బంద్ చేయించండి అని అడిగే ముందు



ఈ మధ్య మన వాళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. నఫ్రత్ కక్కే వెబ్‌సైటో, యూట్యూబ్ ఛానెలో కంటబడగానే, "సర్కారు ఏం చేస్తోంది? ఒక్క హుకుం జారీ చేస్తే ఇవన్నీ బంద్ అయిపోవా?" అంటారు. చదువుకున్న వాళ్లూ అంటారు, మౌల్వీ సాబ్‌లూ అంటారు, మా రిష్తేదార్లూ అంటారు. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, అదాలత్, విచారణ అంటూ కూర్చుంటే ఏళ్లు పడతాయి కాబట్టి అప్పటికప్పుడు వెబ్‌సైటు మూయించే ఇఖ్తియార్ అధికారుల చేతికే ఇచ్చేయాలని మెమొరాండాలు కూడా రాస్తున్నారు.

వాళ్ల గుస్సా నాకు అర్థమవుతుంది. కానీ అలాంటి మెమొరాండం మీద నా దస్తఖత్ ఉండదు. ఎందుకో చెబుతాను, కాస్త సబర్‌గా వినండి.

ముందు దెబ్బ సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2021 జులైలో "సుల్లీ డీల్స్" అనే యాప్ బయటపడింది. గిట్‌హబ్ అనే వేదిక మీద ఎవరో దాన్ని తయారుచేసి పెట్టారు. ఎనభైకి పైగా ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు వాళ్ల ఖాతాల నుంచి ఎత్తుకొచ్చి, వేలం సరుకులా చూపించారు. వాళ్లలో జర్నలిస్టులున్నారు, చదువుకుంటున్న అమ్మాయిలున్నారు. ఢిల్లీ పోలీసులు ఎఫ్ఐఆర్ రాశారు. ఆరు నెలలు గడిచాయి. ఒక్కరినీ పట్టుకోలేదు. 2022 జనవరి 1న అదే తమాషా "బుల్లీ బాయి" పేరుతో మళ్లీ వచ్చింది, ఈసారి వంద మందికి పైగా. దేశమంతా గొడవైంది, బయటి దేశాల పత్రికలు రాశాయి. అప్పుడు కొద్ది రోజుల్లోనే బెంగళూరు, ఉత్తరాఖండ్, అస్సాంలలో అరెస్టులు జరిగాయి. పాత సుల్లీ డీల్స్ తయారుచేసిన వాడూ ఇందోర్‌లో దొరికాడు.

ఈ ఆరు నెలల్లో చట్టం మారిందా? ఒక్క అక్షరం మారలేదు. వెబ్‌సైటు బ్లాక్ చేసే అధికారం జులైలోనూ ఉంది, జనవరిలోనూ ఉంది. కేసు పెట్టే సెక్షన్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. లేనిది నియ్యత్ ఒక్కటే. నియ్యత్ లేని చోట ఇంకో పది అధికారాలు ఇస్తే, అవి మన కోసం వాడతారని ఏ భరోసాతో అనుకుంటున్నారు?

ఇప్పుడు ఆ అధికారం ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే మెమొరాండాలు రాసేవాళ్లలో చాలామందికి అది తెలియదు. ఐటీ చట్టంలో సెక్షన్ 69ఏ అని ఒకటుంది. 2008 సవరణతో వచ్చింది, 2009 నుంచి అమల్లో ఉంది. దేశ సార్వభౌమత్వం, రక్షణ, విదేశాలతో దోస్తీ, శాంతిభద్రతలు, ఇలాంటి కారణాలు చూపి కేంద్రం ఏ వెబ్‌పేజీనైనా ఈ దేశంలో కనిపించకుండా చేయవచ్చు. నిర్ణయం తీసుకునే కమిటీలో ఉండేది హోం శాఖ, న్యాయ శాఖ, సమాచార శాఖ వంటి వాటి అధికారులే. ఆ నిర్ణయం సరైనదా కాదా అని తర్వాత చూసే రివ్యూ కమిటీలోనూ కేబినెట్ కార్యదర్శి, ఇతర కార్యదర్శులే. బయటి మనిషి ఒక్కడు లేడు. ముద్దయీ వాళ్లే, ఖాజీ వాళ్లే, అప్పీలు వినేదీ వాళ్లే.

దీనికి తోడు 2009 బ్లాకింగ్ నిబంధనల్లో 16వ నిబంధన ఉంది. ఫిర్యాదు ఎవరు చేశారు, ఏ చర్య తీసుకున్నారు, అంతా రహస్యం. రాసినవాడికి ముందుగా నోటీసు ఇవ్వాలని 8వ నిబంధన చెబుతుంది కానీ, "రాసినవాడికో, ప్లాట్‌ఫాంకో" అని ఉంది. ఆ "కో" పట్టుకుని కంపెనీకి చెప్పేసి చేతులు దులుపుకుంటారు. ఎమర్జెన్సీ అంటే ఆ నోటీసు కూడా అక్కర్లేదు. పొద్దున లేచి చూసుకుంటే నీ పేజీ లేదు. ఎందుకు లేదో అడగడానికి ఒక కాగితం లేదు. ఇద్దరి మాటా వినకుండా ఫైసలా చేయకూడదని మన మదర్సాలో పిల్లాడికి కూడా తెలుసు.

ఇలా ఎన్ని? పార్లమెంటులో సర్కారే ఇచ్చిన లెక్క ప్రకారం 2014లో 471 లింకులు బ్లాక్ చేశారు. 2020కి వచ్చేసరికి 9,849. ఆ తొమ్మిది వేల చిల్లరలో నిజంగా మూయాల్సినవి ఎన్నో, ఎవరికో కిట్టనందుకు మూసినవి ఎన్నో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆదేశాలు బయటపెడితే కదా తెలిసేది!

సరే, తెలిసినవైనా చూద్దాం. మన దేశంలో ఎక్కడ ఏ సభలో ముసల్మాన్ల మీద విషం కక్కారో వీడియోతో సహా నమోదు చేసే "హిందుత్వ వాచ్" అనే వెబ్‌సైటు ఉంది. నడిపేది అమెరికాలో ఉంటున్న కశ్మీరీ జర్నలిస్టు రఖీబ్ హమీద్ నాయక్. 2024 జనవరిలో ఎక్స్‌లో దాని ఖాతా భారతదేశంలో కనిపించకుండా పోయింది. దాని వెబ్‌సైటునూ, "ఇండియా హేట్ ల్యాబ్" వెబ్‌సైటునూ ఇక్కడ ఆపేశారు. నఫ్రత్‌ను బ్లాక్ చేయండి అని మనం అడిగాం. వాళ్లు నఫ్రత్‌ను లెక్కపెట్టేవాడిని బ్లాక్ చేశారు. మెమొరాండం రాసే భాయీలు ఈ రెండు వాక్యాలనూ ఒకటికి రెండుసార్లు చదవాలని మనవి.

శ్రీనగర్ నుంచి వచ్చే "ది కశ్మీర్ వాలా" సంగతి ఇంకా బాధ. సంపాదకుడు ఫహద్ షా 2022 ఫిబ్రవరి నుంచి జైల్లో ఉన్నాడు. 2023 ఆగస్టులో ఒకరోజు వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఏదో సాంకేతిక లోపం అనుకుని సిబ్బంది సర్వరు కంపెనీని అడిగితే, ఐటీ చట్టం కింద సర్కారు బ్లాక్ చేయించిందని వాళ్లు చెప్పారు. సొంత పత్రిక చచ్చిపోయిన ఖబర్ సర్వరు కంపెనీ నోట వినాల్సి రావడం! కొన్ని నెలల తర్వాత ఫహద్‌కు బెయిలు వచ్చింది. అతను బయటికొచ్చేసరికి పత్రిక లేదు.

ముహమ్మద్ జుబైర్ విషయం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2022 మే చివర్లో టీవీ చర్చలో మన ప్రవక్త (స) గురించి ఒక పార్టీ ప్రతినిధి అన్న మాటలను దేశం దృష్టికి తెచ్చినవాళ్లలో అతను ముందున్నాడు. నెల తిరిగేసరికి, జూన్ 27న, అరెస్టయ్యాడు. నేరం? 2018లో పెట్టిన ఒక ట్వీటు. అందులో ఉన్నది 1983లో సెన్సార్ దాటుకుని వచ్చిన హృషికేశ్ ముఖర్జీ సినిమాలోని ఒక దృశ్యం. జులై 20న సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ఇకపై ట్వీట్లు పెట్టొద్దని షరతు విధించమని యూపీ ప్రభుత్వ వకీలు అడిగితే, జర్నలిస్టును రాయొద్దని ఎలా అంటామని కోర్టు ఒప్పుకోలేదు. ఆ వాక్యం అన్నది అదాలత్. మీరు పక్కన పెట్టమంటున్నదీ ఆ అదాలత్‌నే.

ఇక్కడ ఒక పాత విషయం చెప్పాలి, దీని గురించి మన వాళ్లు మాట్లాడరు. 2020 మార్చి, ఏప్రిల్ గుర్తుందా? తబ్లీగీ జమాత్ పేరు చెప్పి కరోనాను మన నెత్తిన రుద్దారు. తోపుడు బండి మీద కూరలమ్మే చాచాను పేరడిగి తరిమిన వీడియోలు తిరిగాయి. ఆ దుష్ప్రచారంలో పెద్ద పాపం టీవీ ఛానెళ్లది. జమీయత్ ఉలమా-ఎ-హింద్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సరైన పనే చేసింది. కానీ 2021 సెప్టెంబరు 2న ఆ కేసు విచారణలో ఏం జరిగింది? అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన కృష్ణా జిల్లా వారే, జస్టిస్ ఎన్.వి. రమణ. ప్రతిదానికీ మతం రంగు పూయడం వల్ల దేశానికే చెడ్డపేరు వస్తుందని బాధపడ్డారు. నిజమే. ఆ వెంటనే మాట వెబ్ పోర్టళ్ల మీదికి, యూట్యూబ్ మీదికి మళ్లింది, వాటికి అదుపు లేదని. కేంద్రం తరఫు సొలిసిటర్ జనరల్ ఆ మాట అందుకుని, అందుకే కదా మేము 2021 ఐటీ నిబంధనలు తెచ్చాం అన్నారు. పెద్ద టీవీ ఛానెళ్ల మీద మనం వేసిన దరఖాస్తు, చిన్న వెబ్‌సైట్ల మెడకు తాడు బిగించడానికి దలీల్ అయిపోయింది. ఆ చిన్న వెబ్‌సైట్లలోనే కదా మన వార్తలు వచ్చేది! తబ్లీగీ విదేశీయులను బలిపశువులను చేశారని బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టులో చెప్పిన మాటను విడమరిచి రాసింది ఎవరు? ప్రైమ్ టైమ్ యాంకర్లా?

2021 నిబంధనల ముచ్చట అక్కడితో ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో వాటికి ఒక సవరణ తెచ్చారు. కేంద్ర ప్రభుత్వం గురించి ఎవరైనా రాసింది నిజమో అబద్ధమో కేంద్రం పెట్టుకున్న ఫ్యాక్ట్ చెక్ యూనిటే తేల్చేస్తుందట! హాస్యనటుడు కునాల్ కామ్రా, మరికొందరు కోర్టుకెళ్తే 2024 జనవరిలో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. మూడో జడ్జి జస్టిస్ చందుర్కర్ 2024 సెప్టెంబరు 20న అది రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. అలా ఆగింది.

ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు. 69ఏ కింద కనీసం కమిటీ, కారణం రాయడం అనే లాంఛనాలైనా ఉన్నాయి. ఇప్పుడు అదీ తప్పించుకోవడానికి సెక్షన్ 79(3)(బి) దారి పట్టారు. హోం శాఖ 2024 అక్టోబరులో "సహయోగ్" అనే పోర్టల్ మొదలుపెట్టింది. కేంద్ర శాఖలూ, రాష్ట్రాల పోలీసులూ నేరుగా కంపెనీలకు అందులో నోటీసు పంపొచ్చు, తీసేయకపోతే కంపెనీకి ఉన్న చట్టపు రక్షణ పోతుంది. ఇది చెల్లదని ఎక్స్ కంపెనీ వేసిన కేసును కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న కొట్టేసింది. ఎక్స్ యజమాని మీద నాకు ముహబ్బత్ ఏమీ లేదు. మన మీద చెత్త రాసేవాళ్లకు అతని వేదికే పెద్ద బజారు. కానీ ఆ కేసులో ఓడింది అతనొక్కడే కాదు.

ఈ దారిలో ఏం తీయించారో ఒక్క ఉదాహరణ చాలు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ రైల్వే స్టేషన్లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత రైల్వే శాఖ ఎక్స్‌కు నోటీసు పంపింది, ఆ ఘటన వీడియోలున్న 285 లింకులు 36 గంటల్లో తీసేయమని. ఇందులో నఫ్రత్ ఎక్కడుంది? ఉగ్రవాదం ఎక్కడుంది? చచ్చిపోయిన వాళ్లలో పేదల కన్నబిడ్డలున్నారు, స్టేషన్ నడపలేని శాఖే ఆ మయ్యత్‌లు కనిపించకూడదంది.

"ఇదంతా ఢిల్లీ సర్కారు బుద్ధి, మన రాష్ట్రాల్లో అలా ఉండదు" అనుకునే వాళ్లకు రెండు గుర్తుచేస్తాను. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాసు లీకు మీద ఫేస్‌బుక్‌లో కొన్ని ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక అమ్మ మీద ఏపీ సీఐడీ కేసు పెట్టింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు, ముఖ్యమంత్రిని ఒక మనిషి తిట్టిన వీడియో ప్రసారం చేశారని. ఈ రెండు సర్కార్లకూ ఢిల్లీ సర్కారుతో చుట్టరికం లేదు. జెండా ఏదైనా చెయ్యి దురద ఒకటే.

మన చరిత్ర కూడా ఒకసారి తిరగేద్దాం. ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లకు మౌల్వీ ముహమ్మద్ బాఖర్ పేరు పాఠంలో వచ్చి ఉంటుంది. "దిల్లీ ఉర్దూ అఖ్బార్" నడిపినందుకు 1857లో ఇంగ్లీషువాళ్లు ప్రాణం తీశారు. మౌలానా ఆజాద్ 1912లో కలకత్తాలో పెట్టిన "అల్-హిలాల్"ను ప్రెస్ చట్టం కింద జమానత్ జప్తు చేసి, మళ్లీ ఇంకా పెద్ద మొత్తం అడిగి 1914లో మూయించారు. ఇవి చెప్పుకోవడం మనకు ఇష్టం, ఎందుకంటే జుల్మ్ చేసినవాడు పరాయివాడు. హైదరాబాద్ సంగతి మాత్రం నోరు మెదపం. షోయబుల్లా ఖాన్ మన వాడే, ఖమ్మం జిల్లాలో పుట్టినవాడు. అతను పనిచేసిన "తేజ్"ను నిజాం సర్కారు బంద్ చేసింది. తర్వాత మందుముల నరసింగరావు గారి "రయ్యత్"లో చేరితే దాన్నీ బంద్ చేసింది. సొంతంగా "ఇమ్రోజ్" పెట్టి, భారతదేశంలో కలవాల్సిందేనని రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి రజాకార్లు చేతులు నరికి చంపారు. హుకుం మన భాషలో ఉంది, రాసినవాడి పేరు కూడా మన పేరే. అయినా అది రక్షించింది పాలకుడినే. ఒక ముసల్మాన్ సర్కారు చేతిలో ముసల్మాన్ కలానికి దొరకని అమానం, ఇవాళ్టి సర్కారు చేతిలో దొరుకుతుందా?

మరి నఫ్రత్‌ను వదిలేయాలా అని మీరు అడుగుతారు. వదలొద్దు. 2018లో వాట్సాప్ పుకారు నమ్మిన గుంపు బీదర్ దగ్గర హైదరాబాద్ కుర్రాడిని, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును, పిల్లలనెత్తుకుపోయేవాడని కొట్టి చంపింది. మాట ప్రాణం తీస్తుందని నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ కులమతాల మధ్య చిచ్చు పెడితే శిక్షించడానికి పాత 153ఏ ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196 ఉంది. మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే 299 ఉంది. ఎవరి ఫిర్యాదూ లేకపోయినా పోలీసులే కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఈ ఆదేశాన్ని ప్రింటు తీసుకుని ఎంతమంది పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు? మెమొరాండం రాయడం సులువు. ఫోటో దిగొచ్చు, గ్రూపులో పెట్టుకోవచ్చు. కేసు వెంట తిరగడానికి వకీలు కావాలి, తారీఖులకు వెళ్లాలి, అలసిపోవాలి.

కోర్టుకెళ్తే ఏం ఒరుగుతుందనే వాళ్లు 66ఏ కథ వినాలి. 2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు, ఆయన కోసం ముంబయి అంతా ఎందుకు బంద్ కావాలని పాల్ఘర్‌లో ఒక ముస్లిం అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె హిందూ స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ అమ్మాయి చిన్నాన్న ఆస్పత్రిని గుంపు ధ్వంసం చేసింది. ఆ వార్త చూసి శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేశారు. మూడేళ్ల జైలు పెట్టే చట్టం, "చిరాకు కలిగించే" మాట రాస్తే చాలనే చట్టం, పోయింది. తర్వాత కూడా పోలీసులు ఆ చచ్చిన సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో కోర్టు నోరెళ్లబెట్టింది, అది వేరే సంగతి. అదే తీర్పు 69ఏను మాత్రం ఉంచింది, కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి, వాటిని సవాలు చేసుకోవచ్చు అనే నమ్మకంతో. ఆ నమ్మకానికి 16వ నిబంధన గోరీ కట్టింది. మెమొరాండం రాయాలనుకుంటే దాని మీద రాయండి. రాసినవాడికి నోటీసు ఇవ్వాలని, ఆదేశం బయటపెట్టాలని, సర్కారుకు సంబంధం లేని జడ్జి ఒకరు దాన్ని చూడాలని రాయండి. ఆ కాగితం మీద నా పేరు ముందుంటుంది.

హుకుం, జప్తు, రద్దు, తాఖీదు, ఖైదు. సర్కారు జబర్దస్తీకి తెలుగులో ఉన్న మాటలన్నీ మన దగ్గర నుంచే వెళ్లాయని డిగ్రీలో మా తెలుగు మాస్టారు హాస్యమాడేవారు. హక్కు, జవాబుదారీ కూడా అక్కడినుంచే వచ్చాయని ఆయనే మళ్లీ అనేవారు.

ఇంకో సంగతి. మీకు తెలిసిన పేజీ ఏదైనా ఉన్నట్టుండి కనిపించకుండా పోతే, ఆ రోజే స్క్రీన్ మీద వచ్చిన సందేశం ఫోటో తీసి, తేదీ, టైము, మీ నెట్ కంపెనీ పేరు రాసిపెట్టుకోండి. ఇంకో కంపెనీ సిమ్‌తో తెరిచి చూడండి. తర్వాత 10 రూపాయల ఫీజు కట్టి ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి, ఏ ఆదేశం కింద ఆపారో నకలు ఇవ్వమని. 16వ నిబంధన చూపించి ఇవ్వం అంటారు. ఆ "ఇవ్వం" అన్న కాగితం పారేయకండి. వకీలు మొదట అడిగేది దాన్నే.